ఒక్క అమ్మాయి కోసం ఆగిన రైలు: ఫార్వర్డ్‌లో లేని ఊరి కథ

జపాన్‌లో ఒకే ఒక్క విద్యార్థిని కోసం స్టేషన్ తెరిచి ఉంచారన్న సంగతి వాట్సాప్‌లో చదవని తెలుగువాళ్లు తక్కువ. ఆ స్టేషన్ నిజం, ఆ అమ్మాయీ నిజం. కానీ చక్కర్లు కొట్టిన కథలో స్టేషన్ పేరు తప్పు, రైలు వేళలు తప్పు. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది: దాదాపు డెబ్బై ఏళ్లు ఆ స్టేషన్‌కి పని కల్పించిన ఊరు అందులో ఎక్కడా లేదు.

ఈ కథ గ్రూపుల్లోకి ఏడాదికోసారైనా తిరిగొస్తుంది. పరీక్షల కాలంలోనో, బాలికల దినోత్సవం నాడో, మన దగ్గర రైలు నాలుగు గంటలు ఆలస్యమైన రోజునో. సారాంశం ఒకటే. జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో కామి-షిరతాకి అని ఒక మారుమూల స్టేషన్. ఎక్కేవాళ్లు లేరని రైల్వే సంస్థ మూసేయబోయింది. అంతలో ఒక అమ్మాయి రోజూ అక్కడే రైలెక్కి హైస్కూలుకు వెళ్తోందని తెలిసింది. ఆమె చదువు పూర్తయ్యేదాకా స్టేషన్ ఉంచాల్సిందేనని సంస్థ తీర్మానించింది. రైలు రోజుకు రెండేసార్లు ఆగుతుంది, ఆమె బడికి వెళ్లేటప్పుడొకసారి, ఇంటికొచ్చేటప్పుడొకసారి. చివర్లో ఎవరో ఒకరు తగిలించిన నిట్టూర్పు: ‘మన దేశంలో ఇలాంటి రోజు ఎప్పుడొస్తుందో!’

2016 జనవరి మొదట్లో చైనా ప్రభుత్వ టీవీ సంస్థ ఫేస్‌బుక్ పేజీలో ఈ కథ కనిపించింది. వారం తిరిగేసరికి ప్రపంచమంతా పాకింది. తైవాన్ పత్రికలకు అనుమానం వచ్చి జపాన్ వైపు ఆరా తీస్తే, చిక్కుముడి రైల్వే టైంటేబుల్లోనే విడిపోయింది.

షిరతాకి పేరుతో ఆ లైన్లో అప్పటికి వరసగా నాలుగు స్టేషన్లుండేవి. ఎగువ షిరతాకి, అంటే కామి-షిరతాకి. తర్వాత ఉత్త షిరతాకి. ఆ తర్వాత పాత షిరతాకి, అదే క్యూ-షిరతాకి. చివర దిగువ షిరతాకి, షిమో-షిరతాకి. మన పల్లెలకు ఎగువ, దిగువ, పాత, కొత్త అని తోకలున్నట్టే. అమ్మాయి ఎక్కేది పాత షిరతాకిలో. రోజుకు రెండే రైళ్లు ఆగేది ఎగువ షిరతాకిలో. పొద్దున 7.04కి ఒకటి, సాయంత్రం 5.08కి ఇంకొకటి. ఆ 7.04 బండే ఉత్త షిరతాకి దాటి 7.16కి పాత షిరతాకి చేరేది. అక్కడ ఆమె ఎక్కేది. తిరుగు ప్రయాణానికి ఆమెకు ఒకటి కాదు, మూడు బళ్లున్నాయి: మధ్యాహ్నం ఒంటిగంట ముందు, సాయంత్రం ఐదు ముందు, రాత్రి ఏడున్నర ముందు. కథ అల్లినవాళ్లు ఒక స్టేషన్ టైంటేబుల్ తీసుకొచ్చి ఇంకో స్టేషన్ అమ్మాయికి అతికించారు.

పైగా ఆ బండి ఆమె ఒక్కదాని కోసం బయల్దేరింది కాదు. అదే రైల్లో ఇతర ఊళ్ల హైస్కూలు పిల్లలూ ఉండేవారు. ఆమె ఎక్కిన తర్వాత మరుసెప్పు, సెతోసె స్టేషన్లు దాటుకుంటూ అది ఎంగరు పట్టణం చేరేది. బడి పిల్లల బండి అది. పాత షిరతాకిలో ఆమె చివరి విద్యార్థిని అన్నమాట మాత్రం నిజం.

ఇంతవరకు తెలుసుకున్నాక చాలామంది ‘ఓస్, అంతేనా, ఉత్త పుకారన్నమాట’ అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. కథ మొదలయ్యేది ఇక్కడి నుంచే.

ఖైదీలు వేసిన దారి, వలసదారులు కట్టిన ఊరు

షిరతాకి హొక్కైడో ఈశాన్యంలో, కొండల మధ్య యూబెత్సు నది పైభాగాన ఉంది. చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల కిందికి పోవడం అక్కడ వింత కాదు. ఈ ప్రాంతం గుండా మొదటి రోడ్డు వేసింది ఖైదీలు. 1891లో అబాషిరి జైలు నుంచి వెయ్యి మందికి పైగా ఖైదీలను తెచ్చి, అడవి నరికించి, నెలల్లో ఆ పని పూర్తి చేయించారు. రెండు వందల మందికి పైగా ఆ పనిలోనే చనిపోయారు.

1912లో దక్షిణాన ఎక్కడో ఉన్న వకయామా నుంచి ఒక బృందం వచ్చి ఎగువ షిరతాకి దగ్గర స్థిరపడింది. ఆ బృందానికి పెద్ద మొరిహేయి ఉయెషిబా, తర్వాతి కాలంలో ఐకిడో యుద్ధవిద్యను స్థాపించిన మనిషి. 1919 దాకా ఇక్కడే ఉన్నాడు. వలస వచ్చినవాళ్లు అడవి కొట్టి పొలాలు చేశారు. ఈ చుట్టుపక్కల బాగా పండిన పంటల్లో పుదీనా జాతి మొక్క ఒకటి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచ మార్కెట్లోని పుదీనా నూనెలో సింహభాగం పొరుగునున్న కితామి పట్టణానిదే. ఇప్పుడా పట్టణం ఉల్లికి ప్రసిద్ధి. పంట కాలంలో ఇదే లైను మీద ప్రత్యేకంగా గూడ్సు నడుస్తుంది. రైలు అభిమానులు దాన్ని ముద్దుగా ‘ఉల్లిగడ్డల రైలు’ అంటారు.

వలసదారులు రావడానికి చాలా ముందే, రాతియుగంలోనే షిరతాకిలో మనుషులున్నారు. ఇక్కడి కొండల్లో దొరికే అబ్సిడియన్ అనే నల్లటి గాజురాయిని పగలగొట్టి వేటగాళ్లు కత్తులు, బాణపు ములుకులు చేసుకున్నారు. ఈ రాయి సముద్రం దాటి సఖాలిన్ దీవి దాకా వెళ్లింది. ఇక్కడి తవ్వకాల్లో దొరికిన పనిముట్లను 2023లో జపాన్ జాతీయ సంపదగా ప్రకటించింది. ఆ జాబితాలో ఉన్నవాటన్నిటిలో ఇవే అత్యంత పాతవి.

రైలు వచ్చింది 1929లో. తూర్పు నుంచి లైను షిరతాకి దాకా వేశారు. పడమర దిక్కున అసాహికావా నగరంతో కలపడానికి అడ్డం కితామి కనుమ. 4,329 మీటర్ల సెకిహోకు సొరంగం తవ్వి, 1932 అక్టోబరు 1న లైను పూర్తి చేశారు. ఎగువ షిరతాకి స్టేషన్ పుట్టింది ఆ రోజే. ఇప్పుడు దాని పేరు సెకిహోకు మెయిన్ లైన్, పొడవు 234 కిలోమీటర్లు. పేరుకే మెయిన్ లైన్. దారి పొడవునా ఒకే ట్రాకు, డీజిల్ బళ్లు.

ఈ లైన్ చరిత్రలో చీకటి కూడా ఉంది. ఎంగరుకు తూర్పున జోమోన్ సొరంగం 1914లో పూర్తయింది. అప్పుల్లోనో మోసంతోనో కూలికి చిక్కి, తాళం వేసిన పాకల్లో బతికిన మనుషులు తవ్వారు దాన్ని. చనిపోయినవాళ్లను గోడలో పూడ్చారని స్థానికులు తరాలుగా చెప్పుకునేవారు. 1968 భూకంపానికి దెబ్బతిన్న గోడను 1970లో బాగుచేస్తుండగా లోపల నిలువుగా మనిషి అస్థిపంజరం బయటపడింది.

హాల్ట్ ఎలా పుట్టిందంటే

పాత షిరతాకి స్టేషన్ పుట్టింది 1947 ఫిబ్రవరి 11న. అది అప్పటికి స్టేషన్ కూడా కాదు, తాత్కాలిక హాల్ట్. ఉత్త షిరతాకికీ దిగువ షిరతాకికీ నడుమ, పాత ఊరు ఉన్న చోట, బండి ఆగడానికి చేసిన ఏర్పాటు.

హొక్కైడోలో ఇలాంటి హాల్టులు చాలా ఉండేవి. వీటిని పెట్టాలంటే టోక్యోలోని ప్రధాన కార్యాలయం దాకా పోనక్కర్లేదు, ప్రాంతీయ రైల్వే అధికారులే నిర్ణయించేవారు. అందుకే ఇవి దేశవ్యాప్త టైంటేబుల్లో చాలాసార్లు కనిపించేవి కావు. అక్కడికంటూ చార్జీ ఉండేది కాదు, అవతలి స్టేషన్ దాకా టికెట్ కొనుక్కుని మధ్యలో దిగిపోవడమే. ఇళ్లు ఒకదానికొకటి కిలోమీటర్ల దూరాన విసిరేసినట్టు ఉండే దీవి అది. మంచు కాలంలో రోడ్లు మూసుకుపోతే, ఇంటి దగ్గర రైలు ఆగడమంటే ఆసుపత్రికీ అంగడికీ బడికీ దారి దొరకడం.

మన రైల్వేలోనూ హాల్టులున్నాయి. కమీషన్ మీద టికెట్లమ్మే ఏజెంటు ఒకాయన, ఒక చెట్టు, ఒక సిమెంటు బెంచీ. పాత షిరతాకిలో ఏజెంటు కూడా లేడు. ఒక పక్కన పొట్టి ప్లాట్‌ఫాం, దాని దగ్గర చిన్న చెక్క గది, చలికి ఆ గదిలోనే కాచుకోవాలి. 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను ముక్కలు చేసి ప్రైవేటు కంపెనీలుగా మార్చిన రోజున హొక్కైడోలోని ఇలాంటి హాల్టులకు స్టేషన్ హోదా వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత పాత షిరతాకి కాగితాల మీద కూడా స్టేషనైంది. హోదా తప్ప మరేమీ మారలేదు.

అక్కడ బండెక్కడం ఎలా ఉండేదో చూడండి. వచ్చేది ఒకే పెట్టె, కిహా 40 రకం డీజిల్ బండి, 1970ల చివర్లో రూపుదిద్దుకున్నది. గార్డు లేడు, టీసీ లేడు, డ్రైవర్ ఒక్కడే. వెనక తలుపు దగ్గర ఎక్కి, అక్కడి డబ్బాలోంచి ఒక చీటీ లాక్కోవాలి. చీటీ మీద ఎక్కిన స్టేషన్‌కు గుర్తుగా ఒక అంకె ఉంటుంది. ముందు, డ్రైవర్ తల పైన ఒక బోర్డు. దాని మీద అంకె అంకెకూ ఒక గడి, గడిలో చార్జీ. స్టేషన్ దాటే కొద్దీ ఆ చార్జీ పెరుగుతూ పోతుంది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గరికి వచ్చి, చీటీనీ చిల్లరనూ కలిపి డ్రైవర్ పక్కనున్న పెట్టెలో వేయాలి. పాసున్న పిల్లలైతే చూపించి దిగిపోతారు. సిటీ బస్సుకు పట్టాలు తొడిగినట్టు ఉంటుంది వ్యవహారం.

పదిహేనుకీ పద్దెనిమిదికీ మధ్య

జపాన్‌లో నిర్బంధ విద్య తొమ్మిదేళ్లు, అంటే పదిహేనేళ్ల వయసు దాకా. ప్రాథమిక బడి, మాధ్యమిక బడి ఊళ్లోనో దగ్గర్లోనో ఏర్పాటు చేయడం స్థానిక ప్రభుత్వం బాధ్యత. ఆ తర్వాత మూడేళ్లు హైస్కూలు. అది పెద్ద ఊళ్లో ఉంటుంది. షిరతాకి వైపు పిల్లలకు ఎంగరులో, రైల్లో ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో. కారు లైసెన్సు మాత్రం పద్దెనిమిదేళ్లు నిండాకే.

చదువు ఊరు దాటి, బండి నడిపే హక్కు ఇంకా చేతికి రాని ఈ మూడేళ్లే పల్లెటూరి రైలుకు ప్రాణం. హొక్కైడో పల్లెల్లో పెద్దవాళ్లందరికీ కార్లున్నాయి, రోడ్డుమీద మంచు తీసే యంత్రాలున్నాయి. రైలు కోసం ఎదురుచూసేది హైస్కూలు పిల్లలు, కారు నడపడం మానేసిన ముసలివాళ్లు. చిన్న లైన్ల టైంటేబుల్ చదివితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున బడి గంటకు ముందు ఊరు చేర్చే బండి ఒకటి, సాయంత్రం బడి విడిచాక ఒకటి, ఆటలూ సంగీతం సాధన ముగించుకున్నవాళ్ల కోసం చీకటి పడ్డాక ఒకటి. పాత షిరతాకిలో ఆగిన బళ్లు కూడా ఇదే లెక్కన ఆగేవి. ఆ అమ్మాయి కోసం ప్రత్యేకంగా కూర్చుని వేళలు రాసినవాళ్లెవరూ లేరు. ఆమెకు ముందు అదే చెక్క గదిలో నిలబడిన పిల్లల అవసరాలతో తయారైన టైంటేబుల్ అది, ఆమెకూ సరిపోయింది.

నాకు ఫార్వర్డ్ కంటే ఈ సంగతి గొప్పగా అనిపిస్తుంది. కంపెనీ ఒకరి మీద జాలిపడటం ఒకసారి జరిగే ముచ్చట. ఎవరూ జాలిపడనక్కర్లేకుండా పొద్దున 7.16కి బండి రావడం వ్యవస్థ. ఆమెకు దొరికింది రెండోది.

పొద్దున ఎంగరు వైపు బండి ఒక్కటే కాబట్టి 7.16 తప్పితే ఆ రోజు బడి తప్పినట్టే, లేదంటే ఇంట్లోవాళ్లు కారు తీయాలి. బండి ఎక్కితే అరగంట దాటిన కాసేపటికే ఎంగరు. ఆ స్టేషన్‌కు ఒక విచిత్రం ఉంది. దూరప్రయాణం చేసే ఎక్స్‌ప్రెస్ లోపలికి వచ్చిన వైపు నుంచే దిశ మార్చుకుని బయల్దేరాలి. ఒకప్పుడు ఉత్తరానికి సాగిపోయిన నయోరో లైన్‌ను 1989లో మూసేశారు, ముందుకు పట్టాల్లేవు. ఎంగరు రాగానే ప్రయాణికులు లేచి, ఎవరి సీటు వాళ్లు గిర్రున తిప్పుకుని మళ్లీ కూర్చుంటారు. కొత్తవాళ్లు తెల్లమొహం వేస్తే పక్కవాళ్లు తిప్పి పెడతారు.

లెక్కలు

మరి మూసేయడం ఎందుకు? ఈ లైను నడిపే జేఆర్ హొక్కైడో సంస్థ 1987లో పుట్టినప్పుడే అది లాభాలకు పనికిరాదని అందరికీ తెలుసు. జనం తక్కువ, దూరాలు ఎక్కువ, మంచు మరీ ఎక్కువ. అందుకే ప్రభుత్వం 682 బిలియన్ యెన్‌ల నిధి చేతిలో పెట్టి, దాని మీద వచ్చే వడ్డీతో నష్టాలు పూడ్చుకోమంది. అప్పటి అంచనా ఏడు శాతం పైచిలుకు వడ్డీ. తర్వాత జపాన్‌లో వడ్డీలు సున్నా దాకా పడిపోయాయి. నిధి అలాగే ఉంది, పూడ్చే మట్టి మాత్రం లేకుండా పోయింది.

విద్యార్థి పాసుకు భారీ రాయితీ ఉంటుంది. ఒక అమ్మాయి పాసు డబ్బు ఆ ప్లాట్‌ఫాం మీద మంచు ఎత్తిన కూలికి కూడా చాలదు. చలికాలంలో ఈ లైన్ మీద పట్టాల మంచు నెట్టడానికే ముందు పెద్ద నాగలి లాంటి రేకు బిగించిన ఇంజిను తిరగాలి. దానికి సిబ్బంది, డీజిలు, రాత్రి డ్యూటీ. సంస్థను తిట్టడం తేలిక. రోజుకు ఒకరు ఎక్కే చోట ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న ప్రశ్నకు తిట్టేవాళ్ల దగ్గరా జవాబు లేదు.

పాత షిరతాకి, ఎగువ షిరతాకి, దిగువ షిరతాకి... మూడింటినీ మూసేస్తామని జేఆర్ హొక్కైడో ప్రకటించింది. ముహూర్తం 2016 మార్చి 26. జపాన్‌లో రైళ్ల వేళలు ఏటా మార్చిలోనే మారతాయి. విద్యా సంవత్సరం ముగిసేదీ మార్చిలోనే, హైస్కూళ్లలో వీడ్కోలు సభలు జరిగేదీ ఆ నెల మొదట్లోనే. అమ్మాయి చదువు పూర్తవడం, స్టేషన్ మూతపడటం ఒకే నెలలో కుదరడం వెనక ఈ క్యాలెండర్ ఉంది.

అదే మార్చి 26న జేఆర్ హొక్కైడోకు ఇంకో పెద్ద పండగ. హొక్కైడోకు బుల్లెట్ రైలు వచ్చిన రోజు అది. సముద్రం కింది సెయికాన్ సొరంగం దాటి కొత్త షింకన్‌సెన్ దీవి దక్షిణ కొసన దిగింది. టోక్యో నుంచి నాలుగు గంటల చిల్లర ప్రయాణం. ఒకే కంపెనీ, ఒకే రోజు. దక్షిణాన బ్యాండుమేళం, ఈశాన్యాన చిన్న స్టేషన్లకు తాళం. పల్లెల నుంచి డబ్బు మిగిల్చి పట్నం దారికి పెట్టారనడం అన్యాయమే, రెండిటి ఖాతాలూ వేరు. అయినా ఆ రెండిటినీ ఒకే తేదీన పెట్టకుండా ఉండాల్సిందని మాత్రం నాకనిపిస్తుంది.

అదే ఏడాది నవంబరులో సంస్థ మరో బాంబు పేల్చింది. 10 లైన్లలోని 13 సెక్షన్లు, మొత్తం 1,237 కిలోమీటర్లు, సొంతంగా నడపడం తన వల్ల కాదని తేల్చి చెప్పింది. తన దగ్గరున్న దాంట్లో దాదాపు సగం. సెకిహోకు లైనూ అందులో ఉంది. తర్వాత వరసగా మూతలు పడ్డాయి. 2019లో యూబారి, 2021లో హిదాకా లైనులో చాలా భాగం, 2024లో ఫురానో, షింతోకు మధ్య 80 కిలోమీటర్ల పైచిలుకు. ఈ చివరి ముక్కలోనే ఇకుతోరా స్టేషన్ ఉండేది. కెన్ తకాకురా స్టేషన్ మాస్టరుగా నటించిన ‘పొప్పోయా’ సినిమా 1999లో అక్కడే తీశారు. సినిమాలోనూ మూతపడబోయే లైనే, పావు శతాబ్దం తర్వాత నిజంగానూ అంతే.

పిల్లి చేసిన పనీ, చేయని పనీ

చిన్న స్టేషన్ల కథలన్నీ మూతతోనే ముగియవు. అయితే నిలిచిన స్టేషన్ల కథల్నీ మనకు సగమే చెబుతారు. ఎగువ షిరతాకి వలసదారులు బయల్దేరిన వకయామాలోనే కిషి అనే స్టేషన్ ఉంది. ఇదీ ఇంటర్నెట్‌కు బాగా పరిచయం: పిల్లి స్టేషన్ మాస్టరుగా ఉన్న చోటు.

వకయామా నగరం నుంచి కిషి దాకా 14.3 కిలోమీటర్ల చిన్న లైను, 14 స్టేషన్లు. దారిలో మూడు పెద్ద షింతో గుళ్లున్నాయి, భక్తుల రాకపోకల కోసం 1916లో మొదలైంది. ఏటా 50 కోట్ల యెన్‌ల దాకా నష్టం వస్తోందని, ఇక నడపలేమని 2004లో అప్పటి యాజమాన్యం నాన్‌కాయి ప్రకటించింది. జనం ఊరుకోలేదు. లైను భవిష్యత్తు కోసం ఒక సంఘం పెట్టారు, ఏటా వెయ్యి యెన్‌ల చందా. ఆరు వేల మంది చేరారు. పడమటి జపాన్‌లోని ఒకాయామా నుంచి ట్రాములు నడిపే సంస్థ ముందుకొచ్చింది. పట్టాల కింద నేలను నగరం, పక్క పట్టణం ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటి పాలనా విభాగం) సాయంతో కొన్నాయి. పదేళ్ల పాటు నష్టాలకు 82 కోట్ల యెన్‌ల దాకా సాయం చేస్తామని స్థానిక ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. 2006 ఏప్రిల్ 1న కొత్త కంపెనీ బళ్లు నడిచాయి. ఖర్చు తగ్గించుకోవడానికి కిషి స్టేషన్‌లో సిబ్బందిని తీసేశారు.

తామా అనే మూడు రంగుల పిల్లి కథలోకి వచ్చింది అప్పుడు. స్టేషన్ పక్క అంగడివాళ్ల పిల్లి. దాని గూడు తీసేయాల్సిన పరిస్థితి వస్తే, స్టేషన్లో చోటివ్వమని యజమానురాలు కంపెనీ అధ్యక్షుణ్ని అడిగింది. 2007 జనవరి 5న పిల్లిని స్టేషన్ మాస్టరును చేశారు. కొలతలు తీసి టోపీ కుట్టించారు. జీతం పిల్లి మేత. ఆ నెలలో ప్రయాణికులు ముందటేటి జనవరి కంటే 17 శాతం పెరిగారు. 2010లో స్టేషన్ భవనాన్నే పిల్లి ముఖం ఆకారంలో, సంప్రదాయ సైప్రస్ బెరడు కప్పుతో కట్టారు. 2015 జూన్‌లో తామా చనిపోతే అంత్యక్రియలకు మూడు వేల మంది వచ్చారు. ప్లాట్‌ఫాం మీద చిన్న గుడి కట్టి, షింతో దేవతను చేసి కొలుస్తున్నారు.

‘పిల్లి రైల్వేను కాపాడింది’ అన్నది దీని ఫార్వర్డ్ రూపం. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. తామా టోపీ పెట్టుకునేనాటికి లైను బతికి తొమ్మిది నెలలైంది. బతికించింది వెయ్యి యెన్‌ల చందాదారులు, నగర పాలక సంస్థ, లెక్కలు సరిచూసుకుని దిగిన ఒక కంపెనీ. పిల్లి తెచ్చింది ప్రయాణికుల్ని, అదేమీ తక్కువ కాదు. కానీ ఒప్పందాలూ, మీటింగులూ, చందా రసీదులూ ఫోటోలో అందంగా పడవు. అందుకే షిరతాకి కథలో ఒక్క అమ్మాయి మిగిలింది, కిషి కథలో ఒక్క పిల్లి మిగిలింది.

మూసేశాక

ఎగువ షిరతాకి పోవడంతో ఒక రికార్డు పుట్టింది. పడమరన కమికావా స్టేషన్ వదిలితే తర్వాతి స్టేషన్ షిరతాకే. మధ్య దూరం 37.3 కిలోమీటర్లు. బుల్లెట్ రైళ్ల లైన్లు పక్కన పెడితే జేఆర్ కంపెనీల్లో రెండు స్టేషన్ల మధ్య ఇదే అతి పెద్ద దూరం. హైదరాబాద్‌లో అంత దూరంలో ఎన్ని మెట్రో స్టేషన్లుంటాయో లెక్కేయండి. ఆ కనుమ గుండా మామూలు ప్యాసింజరు రోజుకు అటొకటి, ఇటొకటి.

షిరతాకి స్టేషన్ ఉంది, ఒఖోత్స్క్ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. షిరతాకి గ్రామం 2005లోనే ఎంగరు పట్టణంలో కలిసిపోయింది. ఇప్పుడు అంతా కలిపి 20 వేల లోపు జనం. రాతియుగపు పనిముట్లు చూడటానికి వచ్చేవాళ్లు, పర్వతాలకు వెళ్లేవాళ్లు అక్కడ దిగుతారు. అదే పట్టణ పరిధిలోని ఇకునో స్టేషన్‌ను 2021లో తీసేశారు.

ఆ ఏడాది హొక్కైడోలో ఒక కొత్త పద్ధతి విస్తరించింది. ప్రయాణికులు బొత్తిగా లేని స్టేషన్ల విషయంలో రైల్వే సంస్థ ఊళ్ల ముందు రెండు దారులు పెట్టింది: మూసేయనివ్వండి, లేదా నిర్వహణ ఖర్చు మీరు పెట్టుకోండి. ఆ మార్చిలో 18 స్టేషన్లు మూతపడ్డాయి, మరో 18 స్టేషన్లను స్థానిక ప్రభుత్వాలు తీసుకున్నాయి. మంచెత్తడం, దీపాలు, గది మరమ్మతు, అన్నీ ఊరి బడ్జెట్లోంచే.

ఈ పద్ధతికి ముందు వరసలో నిలిచిన ఉదాహరణ దక్షిణ హొక్కైడోలోని కొబోరో. రెండు సొరంగాల మధ్య ఇరుకు లోయలో ఉంటుంది. ఇల్లు లేదు, వాకిలి లేదు, వాహనం వెళ్లే రోడ్డు లేదు. జపాన్‌లో ‘మారుమూల స్టేషన్ల’ అభిమానులు జాబితాలు వేస్తే తరచూ మొదటి స్థానం దీనిదే. 2015లో జేఆర్ దీన్నీ మూసేస్తానంది. ఇది పోతే మా ఊరికి వచ్చే పర్యాటకులు పోతారని తొయోఉరా పట్టణం అడ్డుపడి, 2016 నుంచి నిర్వహణ ఖర్చు తన మీద వేసుకుంది. పాత షిరతాకి మూతపడింది కూడా ఆ ఏడాదే. రోజూ ఒక అమ్మాయి బడికెళ్లిన స్టేషన్ ఆమె చదువుతోనే ముగిసింది. ఎవరూ కాపురముండని స్టేషన్‌లో ఫోటోలు తీసుకునేవాళ్ల కోసం బండి ఆగింది. తొయోఉరా చేసింది తప్పేమీ కాదు, ఊరి ఆదాయం లెక్కేసుకుంది. ఎంగరుకు ఆ లెక్క కుదరలేదు: స్టేషన్‌కు ఖర్చు పెట్టాలంటే పాత షిరతాకిలో తర్వాతి ఏడాది హైస్కూలుకు వెళ్లాల్సిన పిల్లలుండాలి.